కలిసివచ్చిన యేడు



రాజుల బొక్కసములకు ధనము వచ్చిన తెరువును, అది వెచ్చమైన తెరువును చరిత్రకారులు విపులముగా వ్రాసియున్నారు. పది యెకరముల రేగడిచేను గల సంసారి యింటికి ఒకానొక యేడు తలవని తలంపుగా సొమ్ము వచ్చినచో, అది ఏ తెరువున పోయినదో విచారించినవారు తక్కువ. గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తినేలలలో ఆ తెరువును వెదకుటయే నేటి ప్రసంగ విషయము. ఇందులకు మనకు దొరకు పెద్ద నిదర్శనము 1861 మొదలు 1865 వఱకు సాగిన పత్తి గిరాకి.

ముందుగా స్థలమునుగూర్చి యొకమాట. ఆ కాలమున గుంటూరు ప్రత్యేకముగా జిల్లా కాదు. 1859లో దానిని బందరు సీమతో చేర్చి కృష్ణాజిల్లా చేసిరి. 1904లో మరల వేరుపరచిరి. ఒంగోలు సీమ నాడు నెల్లూరులోనిది. 1970లో ఒంగోలు పేర కొత్తజిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశము పేరు వహించినది. 2022లో పల్నాడు, బాపట్ల జిల్లాలు వేరైనవి. పాలనపు గీతలు ఎన్నిసార్లు మారినను, సత్తెనపల్లి, నరసరావుపేట, వినుకొండ, అద్దంకి ప్రాంతముల నల్లరేగడి మాత్రము మారలేదు. అది పత్తినేల.

1861 ఏప్రిలులో అమెరికాలో అంతర్యుద్ధము రేగెను. ఇంగ్లండు మిల్లులకు కావలసిన దూదిలో నాలుగింట మూడుపాళ్లకు పైగా ఆ దేశపు దక్షిణ రాష్ట్రములనుండి, బానిసల చాకిరిచే పండి, వచ్చుచుండెను. ఉత్తర రాష్ట్రముల యుద్ధనావలు దక్షిణపు రేవులను దిగ్బంధించుటతో ఆ దూది ఆగిపోయెను. లివర్‌పూల్ బజారులో 1860లో పౌను 6 పెన్నీల ప్రాంతమున నుండిన అమెరికా దూది 1864 నాటికి 27 పెన్నీల ప్రాంతమునకు ఎగబ్రాకెను. అంతటితో మన దేశపు పొట్టిపింజ దూదికిని ప్రాణము వచ్చినది. మన రేగడిలో పండు కొంచెము ఎరుపువన్నె గల దూది కాకినాడ రేవున ఓడలకెక్కుచుండుటచే దానికి బజారులో కాకినాడ పేరే స్థిరపడినది. పేరు వారిది, పంట మనది. ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియగుటచే ఏర్పడిన కాలువల వెంబడి పడవలమీదను, రాచబాటల వెంబడి బండ్లమీదను దూదిబోరెములు ఆ రేవునకు సాగినవి. కాకినాడలో తెల్లదొరల వర్తకశాలలు విస్తరించినది ఆ రోజులలోనే.

ఈ ధర యంతయు రైతుచేతికి వచ్చినదని తలపరాదు. పైరు చేనిలో నుండగానే బయానా గొని ధర కుదుర్చుకొన్నవానికి, పంట యింటికి వచ్చునప్పటికి ధర రెట్టింపైనను, ముందాడిన మాటయే మిగులును. మొదటి లాభము వార్తను ముందు విన్నవానిది. లివర్‌పూల్ సంగతి రేవులోని వర్తకునకు తెలిసి, అతనివలన పేటలోని షాహుకారునకు తెలిసి, తుదకు పల్లెకు చేరవలెను. ఆయినను యుద్ధము నాలుగేండ్లు సాగినది కనుక రెండవ మూడవ పంటలనాటికి సంసారికిని రొక్కము కండ్లబడినది.

ఆ రొక్కము మొట్టమొదట అప్పు తీర్చుటకు పోవును. మెట్టపల్లెలలో విత్తనములకును తిండికిని గింజలు నాముకు తెచ్చుకొని, పంట కల్లములో నుండగానే ఒకటికి ఒకటిన్నర కొలిచియిచ్చుట సామాన్యము. అట్టివానికి నాలుగు డబ్బులు చేతబడగానే పాతపత్రము చింపించుకొనుటకు మించిన పండుగ లేదు. దీనిని ఖర్చు అనుటకంటె విడుదల యనుట తగును. పిమ్మట ఇంటిలోని సామాను. 1890 దశకములో మదరాసు రాజధాని ప్రగతినిగూర్చి పెద్ద నివేదిక వ్రాసిన శ్రీనివాస రాఘవయ్యంగారు, మట్టికుండల చోట ఇత్తడిపాత్రలు ప్రవేశించుటను సంసారుల మేలుకు గురుతులలో నొకటిగా నెంచిరి. చిన్న వస్తువే యైనను, కుండ పగిలినచో పెంకు. బిందె సొట్టపడినను వెలగలదే.

తరువాతిది వెండి బంగారములు. నాగపురము, బేరారు సీమలలో పత్తిరైతులు బండిచక్రములకు ఇనుపపట్టాలకు మారు వెండిపట్టాలు వేయించిరని, నాగలికర్రుకు వెండి తొడిగించిరని కథలు పుట్టినవి. దొరలు ఆ కథలను చెప్పుకొని నవ్విరి; కూలివాని చేతికి బంగారు గిన్నె యిచ్చినట్లున్నదనిరి. ఆ కథలలో అతిశయోక్తి యెంతయైన నుండనిండు, మొలతాళ్లు, కడియములు, కంటెలు చేయించిన సంసారి బుద్ధిహీనుడని మాత్రము నేనొప్పుకొనను. కారణములు రెండు కలవు.

మొదటిది, రూపాయి నాడు వెండినాణెము. 1893 వఱకు ఎవరైనను వెండిని టంకసాలకు పట్టుకొనిపోయి, కొద్దిపాటి రుసుము చెల్లించి, రూపాయలుగా ముద్రింపించుకొనవచ్చును. అనగా కడియము కరగిన రూపాయి. రూపాయి కరగని కడియము. కంసాలి కూలి దక్క నష్టము స్వల్పము. పల్లెలో బ్యాంకు లేని దినములలో ఇల్లాలి కాలిమీది కడియమే ఆ యింటి నిలువ ఖాతా. రెండవది, ఆ తరము తండ్రులు నందన కరవు చూచిన బిడ్డలు. 1832–33లో వచ్చిన ఆ కరవులో గుంటూరు సీమయందలి సుమారు అయిదు లక్షల జనములో లక్షన్నరకు తక్కువ కాకుండ నశించిరి. అట్టి కరవునుండి బ్రతికి బయటపడినవాడు రొక్కము దొరికిన యేడు పాతరలో జొన్నలు, పెట్టెలో వెండి దాచక మరేమి చేయును?

మన ధర్మశాస్త్రము సయితము ఈ సంగతి నెరుగును. స్త్రీధనమును భర్త తాకరాదని శాసించిన యాజ్ఞవల్క్యుడే, కరవు వచ్చినప్పుడును, ధర్మకార్యమునందును, వ్యాధియందును, నిర్బంధమునందును తీసికొనినచో తిరిగి యీయనక్కరలేదని మినహాయింపు నిచ్చెను. మినహాయింపులలో కరవునే మొదట చెప్పుట గమనింపదగినది. ఇల్లాలి నగ అలంకారమని పైకి కనబడును. లోపల అది కరవునాటి గాదె.

నాలుగవది పెండ్లి. మన మెట్టలో పత్తి తీసి అమ్మునప్పటికి మాఘ ఫాల్గుణములు గడచును. వెంటనే వైశాఖము, అది పెండ్లిండ్ల నెల. సొమ్మును, సుముహూర్తమును ఒక్కసారి వచ్చును. ఒక మోతుబరి అయిదుదినముల పెండ్లికి రెండూళ్ల బంతులు వేసినచో, మరుసటి యేడు చిన్నరైతు అంతకు తగ్గలేడు. కట్నము, కానుక, మేళతాళములు అన్నియు ఆ ధరను పట్టుకొని పైకెక్కును. అయిదవది ఎద్దులు, నూతులు, పొలము. ఒంగోలు జాతి కోడెల జత, కొత్త మోటబావి రైతునకు ఖర్చులు కావు, చేతులు. పొలము సంగతి వేరు. అందరి చేతను డబ్బున్న యేడు అందరును పొలమే కొనజూతురు. కనుక పొలము అత్యంత ప్రియమైన యేడే సంసారి దానిని కొనును. చేతిసొమ్ము చాలక కొంత అప్పు చేయును. పాతపత్రము చింపించుకొన్నవాడు కొత్తపత్రము వ్రాసియిచ్చును.

ఈ కలిమి అందరిదియు కాదు. దూది ప్రియమగుటతో నూలు ప్రియమై మగ్గముమీద బ్రతుకు నేతపనివాడు నలిగిపోయెను. రైతునకు పంటయైనది సాలెవానికి పెట్టుబడి. భూమి లేని మాల మాదిగ కుటుంబముల యింట ఈ నాలుగేండ్లలో వెండి యేమియు చేరలేదు. ఈ భేదము తరువాతి కాలమున ఎట్లు బయటపడినదో చూడుడు.

1865 ఏప్రిలులో అమెరికా యుద్ధము ముగిసెను. దూదిధర కూలెను. బొంబాయిలో పత్తిసొమ్ముతో వాటాల జూదమాడిన షేట్లు ఆ యేటి జూలై 1వ తేదీ గడువునాటికి దివాలా తీసిరి. మన పల్లెలలో అంతటి ధ్వని వినబడలేదు. ప్రియముగా కొన్న పొలము, దానిమీది వడ్డీ మాత్రము మిగిలినవి. పదునొకం డేండ్లకు 1876–78 నాటి ధాత కరవు వచ్చెను. అప్పుడు దేశమందలి కరవుసీమలనుండి కడియములు, మొలతాళ్లు, కంటెలు రాసులుగా బొంబాయి టంకసాలకు చేరినవి. మదరాసు టంకసాలను 1869లోనే మూసివేసిరి. నాణెమై వచ్చిన వెండి నగయై నిలిచి, మరల నాణెమై, గింజలై, ప్రాణములను నిలిపినది. దొరలు నవ్విన కడియము ఆ పని చేసినది.

కడియము లేనివారి మాట యేమి? ఒంగోలులో నుండిన అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకు తీసికొని కరవుకూలీలకు పని కల్పించెను. అందు ముఖ్యముగా పనిచేసినవారు మాదిగలు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. దీనికి మతసంబంధమైన కారణములు వేరుగ నుండవచ్చును. ఆర్థికచరిత్ర చెప్పు సంగతి యొకటి కలదు. పత్తికాలమున వెండి చేరిన యింటివారు కరవున నగ కుదువబెట్టిరి. చేరనివారు గడ్డపార పట్టిరి.

ఈ కథ అంతటితో ముగియలేదు. 1967లో నాగార్జునసాగరము కాలువలకు నీరు వదలిన పిమ్మట కుడికాలువ క్రింద మన మెట్టలు మారినవి. 1970 దశకమునుండి సంకరజాతి పత్తులు వ్యాపించినవి. ధర పలికిన కొన్ని యేండ్లలో పల్లెలలో డాబాలు లేచినవి, కట్నములు పెరిగినవి, కౌలు పెరిగినది. పిమ్మట తెల్లదోమ పడినది. మందుమీద మందు కొట్టినను చావలేదు. 1987–88లో ప్రకాశము, గుంటూరు జిల్లాలలో పత్తిరైతులు పదులకొలదిగా ఆత్మహత్యలు చేసికొనిరి. ఎరువుల, పురుగుమందుల దుకాణదారు నాటి షాహుకారు స్థానమున కూర్చుండెను. బడిలో పనిచేసినవాడను గనుక నాకు ధర తెలియుటకు మార్కెటుయార్డుకు పోవలసిన పనిలేదు: మంచియేట రుసుము గల బడులకు పోయిన పిల్లలు చెడ్డయేట బదిలీపత్రములతో సర్కారుబడికి తిరిగివచ్చుచుండిరి.

మిరపకథయు నిదియే. 2021–22లో నల్ల తామరపురుగు తోటలను తినివేసెను. పంట తగ్గుటచే 2023లో మేలురకపు కాయ గుంటూరు యార్డులో క్వింటాలు 20 వేల రూపాయలను దాటినది. ఆ ధర చూచి సాగు పెరిగినది, కౌలు పెరిగినది, కాయ శీతలగిడ్డంగులలో నిండినది. 2025 ఫిబ్రవరి నాటికి కేంద్రప్రభుత్వము క్వింటాలునకు 11,781 రూపాయలు ఆధారధరగా ప్రకటింపవలసి వచ్చినది. పెరిగిన కౌలు నిచ్చినవాడు పొలము గలవాడు కాడు, కౌలుదారు. కలిసివచ్చిన యేటి లాభము మరుసటి యేటి కౌలుగా భూస్వామి చేతిలోనికి జారిపోయినది.

నూటయరువదేండ్ల యీ కథలో నాకు కనబడు సారాంశ మొక్కటే. పంటధర ఎక్కును, దిగును. దానిని పట్టుకొని యెక్కిన పెండ్లిఖర్చు, కట్నము, కౌలు, పొలమువెల మాత్రము దానితో దిగవు. ధర దిగివచ్చును గాని మర్యాద దిగిరాదు. ఈ రెండింటి నడుమ నున్న యెడమే సంసారి మునుగు మడుగు. కలిసివచ్చిన యేడు ఎవనిని చెడగొట్టలేదు. ఆ యేడు వలెనే వచ్చు నేడును ఉండునను నమ్మకము చెడగొట్టినది.

కనుక సామాన్యులు సొమ్మును వృథాచేయుదురని చులకనగా పలుకుట చరిత్రకు విరుద్ధము. వారు అప్పు తీర్చిరి, పాతర నింపిరి, ఇల్లాలికి కడియము చేయించిరి, నుయ్యి త్రవ్వించిరి. ఇవి నాలుగును వివేకములే. వారు దెబ్బతినినది పదిమంది యెదుట తలయెత్తుకొనుటకై చేసిన ఖర్చువలన, మండుధరలో అప్పుతెచ్చి కొన్న పొలమువలన. అనుకోని సొమ్ము చేతికి వచ్చిన గృహస్థు ఏ వస్తువును కొనబోయినను ఒక్క ప్రశ్న వేసికొనిన చాలును: చెడ్డయేడు వచ్చినప్పుడు ఇది మనలను పోషించునా, మనము దీనిని పోషింపవలసివచ్చునా? 1864లో కడియము చేయించిన యిల్లాలికి ఈ ప్రశ్నకు సమాధానము తెలిసియుండెను. మనము తెలిసికొనవలసియున్నది.