నక్కవాగు నీళ్ళు

పటాన్‌చెరు పేరు మీరు వినే ఉంటారు. 1970ల నుంచి అక్కడా, పక్కనే బొల్లారంలోనూ ఫ్యాక్టరీలు వెలిశాయి. జ్వరానికీ, మూత్రంలో మంటకీ మనం వేసుకునే బిళ్ళలకి కావలసిన ముడిమందు వాటిలో చాలాచోట్ల తయారవుతుంది. ఆ మురుగు వెళ్ళి, మంజీరలో కలిసే నక్కవాగులో పడేది. గొడ్లు తాగిందీ, వరిచేలకి పారిందీ ఆ నీళ్ళే. రైతుల గోడు 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

అప్పట్లో అందరి కంటా పడింది నీటి రంగూ, ముక్కున పడింది కంపూ. లోపలున్న మందు మాటేమిటి? 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లార్సన్ బృందం ఆ లెక్క బయటపెట్టింది. సుమారు 90 ఫ్యాక్టరీల మురుగుని శుభ్రంచేసే చోట, శుభ్రమై బయటికొచ్చిన నీటిలోనే లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! ఆ బిళ్ళ మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదండీ.

క్రిములు చస్తే మంచిదేగా అనుకోకండి. చచ్చేవి చావగా, మందుకి లొంగనివి మిగులుతాయి. ఆ విద్యని పిల్లలకే కాదు, వేరే జాతి క్రిములకీ అందిస్తాయి. పశువుల పేగుల్లోనూ మన పేగుల్లోనూ కాపురం పెట్టగలవు.

ఫ్యాక్టరీ మురుగులో ఏ యాంటీబయాటిక్ ఎంతకి మించకూడదో 2020లో కేంద్రం ముసాయిదా తెచ్చింది. 2021లో వచ్చిన తుది నిబంధనల్లో మాత్రం ఆ హద్దులు లేవు.