కట్టెల పొయ్యి నుంచి కరెంటు పొయ్యి దాకా



పిల్లల చేత రాజుల చరిత్ర వల్లె వేయిస్తాం గానీ, పూటపూటా మన ఎదురుగా ఉండే పొయ్యికి కూడా ఒక చరిత్ర ఉందని ఎప్పుడైనా అనుకున్నామా? ఈవేళ చాలా ఇళ్ళలో గ్యాసు స్టవ్వుతో పాటు నల్లని గాజు పలక ఉన్న ఇండక్షన్ స్టవ్వు ఒకటి ఉంటోంది. గ్యాసు అయిపోయిన రోజున దాన్ని అటక మీంచి దించుతాం. సిలిండరు రాగానే మళ్ళీ ఎక్కించేస్తాం. మరి దాని ఉపయోగం అంతేనా? ఆ సంగతి తేలాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

కట్టెల పొయ్యి వంటింట్లో ఒక మూల పాతుకుని ఉండేది. అది కదిలేది కాదు, దాని ముందు కూర్చున్న ఇల్లాలూ కదిలేది కాదు. పచ్చి కట్టెలు, పిడకలు, ఊదుడు గొట్టం, కళ్ళ వెంట నీళ్ళు, ఇవన్నీ వంటలో భాగమే అనుకున్నారు మన అమ్మమ్మలు. ఆ పొగ సంగతి పట్టించుకున్న ఇంజనీరు ఒకాయన మన హైదరాబాదులోనే ఉండేవారు. ఆయన పేరు ఎస్.పి. రాజు. అక్కడి ఇంజనీరింగు పరిశోధనాలయంలో పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యిని తయారుచేసి, 1953లో దాన్ని గురించి పుస్తకం కూడా వేశారు. తర్వాత 1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల పథకాన్ని దేశమంతటా మొదలుపెట్టి, 2002లో ఆపేసింది. పొగ మాత్రం ఆగలేదు. ఇంట్లోని పొగ మూలంగా 2020లో ప్రపంచం మొత్తం మీద 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

పట్నాల్లో బొగ్గుల కుంపటి తర్వాత కిరసనాయిలు స్టవ్వులు వచ్చాయి. పంపు స్టవ్వు 1892లో స్వీడన్‌లో పుట్టింది. పొగ తగ్గింది గానీ పిన్నుతో పొడవడం, ఆ హోరు, పేలుతుందేమోనన్న భయం మిగిలాయి. ఇక గ్యాసు 1955లో బొంబాయికి వచ్చింది. గ్యాసు మీద వండినది తింటే కడుపులో గ్యాసు చేరుతుందన్న పెద్దవాళ్ళు కూడా ఉండేవారు! కనెక్షను కోసం ఏళ్ళ తరబడి ఎదురు చూశాం. పేద మహిళలకు గ్యాసు అందించే దీపం పథకం మన రాష్ట్రంలో 1999లో మొదలైంది.

ఇండక్షన్ స్టవ్వుకు మూలమైన సూత్రం 1831 నాటిది. తీగచుట్టలో పారే కరెంటు మారుతూ ఉంటే, దాన్ని తాకకుండా దగ్గరలో ఉన్న లోహంలోనూ కరెంటు పుడుతుందని ఫారడే కనుగొన్నాడు. ఈ స్టవ్వులో మంట లేదు. పలక కింది తీగచుట్ట వల్ల గిన్నె అడుగే వేడెక్కుతుంది. 1950ల్లో అమెరికాలో స్టవ్వుకీ గిన్నెకీ మధ్య వార్తాపత్రిక పరిచి నీళ్ళు మరగబెట్టి చూపించారు. కాగితం కాలలేదు!

మన ఇళ్ళలోకి ఇది ఎక్కువగా వచ్చింది కొరత రోజుల్లో. 2012 సెప్టెంబరులో సబ్సిడీ సిలిండర్లను ఏడాదికి 6కే పరిమితం చేశారు. 2013 జనవరిలో 9, 2014లో 12 చేశారు. ఆ రోజుల్లోనే మన దగ్గర కరెంటు కోతలు కూడా ఉండేవి. గ్యాసు చాలక, కరెంటు నిలవక పడ్డ అవస్థ మీకు గుర్తుండే ఉంటుంది. అలా కరువులో వచ్చిన పొయ్యి గనక, కరువు తీరగానే అటకెక్కింది.

నిజానికి దీని గొప్పతనం వేరే ఉంది. కుంపటినీ వాకిట్లోకి తెచ్చుకునేవాళ్ళం, కానీ నిప్పులూ సెగా దాని వెంటే వచ్చేవి. మూసిన గదిలో పెడితే ప్రాణానికే ముప్పు. నిప్పు, పొగ, ఎర్రగా కాలే తీగ, ఇవేవీ లేకుండా మనం ఉన్నచోటికి వచ్చే పొయ్యి ఇది. మంచం పట్టిన అత్తగారి గదిలోనే జావ కాచి వేడిగా పట్టవచ్చు. పండగనాడు గ్యాసు మీద రెండు వైపులా గిన్నెలు ఉంటే, పప్పు కుక్కరు దీని మీద పెట్టుకోవచ్చు. ఒక యూనిట్ కరెంటుతో సుమారు 9, 10 లీటర్ల నీళ్ళు మరుగుతాయి.

అన్నిటికీ మించి, దీన్ని భోజనాల బల్ల మీద పెట్టుకోండి. మన ఇళ్ళలో దోసెలు పోసే మనిషి వంటింట్లో నిలబడి అందరికీ వేడిగా అందించి, చివరికి చల్లారిన రెండు దోసెలు ఒక్కతే కూర్చుని తింటుంది. పొయ్యి బల్ల మీదికి వస్తే ఆవిడా నలుగురితో కూర్చుంటుంది. ఎవరి దోసె వాళ్ళు పోసుకుంటారు కూడా!

కొన్ని జాగ్రత్తలు చెబుతాను. గిన్నె అడుగు చదునుగా ఉండాలి, అయస్కాంతం దానికి గట్టిగా అతుక్కోవాలి. మామూలు రాగి, ఇత్తడి, అల్యూమినియం, మట్టి పాత్రలు పనికిరావు. 2000 వాట్ల స్టవ్వును పెద్ద ప్లగ్గులోనే పెట్టండి, సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు వద్దు. కింద గుడ్డ పరిస్తే గాలి ఆడే సందులు మూసుకుపోతాయి. గిన్నె దించాక గాజు కాసేపు వేడిగానే ఉంటుంది, పిల్లల్ని ముట్టుకోనివ్వకండి. గుండెకు పేస్‌మేకరు ఉన్నవారు డాక్టరు గారిని అడిగే వాడాలి.

గ్యాసును మానుకోమని నేననడం లేదు. అటక మీద ఉన్న పొయ్యిని సిలిండరు అయిపోయేదాకా ఆగకుండా ఈ ఆదివారమే దించండి. ఇంటిల్లిపాదికీ వండే చేతికి కూడా ఒక వేడి దోసె దక్కాలి కదా!