రక్త నమూనాల అతిశీతల నిల్వ

పరీక్షల కోసం సేకరించిన రక్తాన్ని ఏళ్ల తరబడి అతిశీతల స్థితిలో భద్రపరిచే పద్ధతి. రక్తాన్ని ఉన్నదున్నట్టుగా ఫ్రీజర్‌లో పెడితే మంచు స్ఫటికాలు ఎర్రకణాలను చిట్లగొడతాయి. వాటిలోని పొటాషియం బయటికొచ్చి ఫలితం తప్పుతుంది. అందుకే ముందే రక్తంలోని ద్రవ భాగాన్ని, అంటే సీరం లేదా ప్లాస్మాను, వేరుచేస్తారు.

ఉప్పునీరు పూర్తిగా గట్టిపడేది సుమారు -21 డిగ్రీల సెల్సియస్ దగ్గర. సీరమూ ఉప్పు కలిసిన ద్రవమే కాబట్టి -20 డిగ్రీల మామూలు ఫ్రీజర్‌లో అది చూడటానికి రాయిలా ఉన్నా, లోపల కొంత గాఢమైన ద్రవం మిగిలే ఉంటుంది. రసాయన చర్యలు మెల్లగా సాగుతూనే ఉంటాయి. దీర్ఘకాల నిల్వకు -80 డిగ్రీల ఫ్రీజర్లు, ద్రవ నైట్రోజన్ మేలు.

చలి అన్నిటికీ రక్ష కాదు. లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము ఫ్రీజర్‌లోనే క్షీణిస్తుంది. ఆమ్లం కలపనిదే విటమిన్ సి నిలవదు. డీఎన్ఏ మాత్రం మొండిది. పదేపదే కరిగించి మళ్లీ గడ్డకట్టించడం నమూనాకు పెద్ద చేటు. చిన్న గొట్టాల్లో పంచి ఉంచేది ఇందుకే.

పాత నమూనా విలువకు కాంగోలోని కిన్షాసా నగరమే సాక్ష్యం: అక్కడ 1959లో తీసిన ప్లాస్మాలో దొరికిన హెచ్‌ఐవీ జన్యు శకలాల విశ్లేషణ 1998లో వెలువడింది. ఇలాంటి దీర్ఘకాల నిల్వకు మరో ఉదాహరణ నార్వేలోని జానస్ సీరం బ్యాంకు; అది 1973లో మొదలైంది. అక్కడి సీరాన్ని -25 డిగ్రీల వద్ద నిల్వచేశారు.