మాట వినిపించింది, బొమ్మ పడలేదు

2006లో మా ఇంటికి కంప్యూటరు వచ్చిన వారంలోనే నేను తలపెట్టిన మొదటి పని మా గురువుగారి అష్టావధానాన్ని మళ్ళీ చూడడం. 2001లో జరిగిన ఆ సభను పెళ్ళిళ్ళకు వీడియో తీసే కుర్రవాడొకడు చిత్రించి రెండు వీసీడీలుగా ఇచ్చాడు. గురువుగారు 2004లో పరమపదించారు. పద్యం చెప్పేటప్పటి ఆయన ముఖం చూడడానికి ఆ రెండు సీడీలే ఆధారం.

మొదటిదాని మీద గీతలు పడ్డాయి. నకలు తీయబోతే సగంలో ఆగిపోయింది. రెండవదాన్ని నా పూర్వవిద్యార్థి ఒకడు ఏవీఐ దస్త్రంగా మార్చి పెట్టాడు. తెరిస్తే గురువుగారి కంఠం ఖంగున మోగింది కాని తెర నల్లగానే ఉంది. కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయి వచ్చి "విండోస్ మళ్ళీ ఎక్కించాలి మాస్టారూ" అన్నాడు. ఎక్కించాడు. రెండువందల రూపాయలు పోయాయి గాని బొమ్మ పడలేదు.

అప్పటినుంచి ఈ జబ్బు పూర్వోత్తరాలు వెతకడం నాకొక వ్యసనమైంది. తెలిసినదేమిటంటే, ఏవీఐ అనేది లిపి కాదు, తాటాకుల కట్టకు చుట్టిన గుడ్డ. పైగుడ్డ చూసి లోపలి రాత తెలుగో, గ్రంథమో, నాగరమో చెప్పలేనట్లే, దస్త్రం పేరు చివర ఉన్న మూడక్షరాలను చూసి లోపలి బొమ్మ ఏ సంకేతంలో ఉందో చెప్పలేము. ఆ సంకేతాన్ని రాసి, చదివే సాధనమే కోడెక్. ఆ లిపి చదవడం మన యంత్రానికి రాకపోతే మాట వస్తుంది, బొమ్మ రాదు. మాట లిపి వేరు, బొమ్మ లిపి వేరు కదా!

ఈ లిపులు ఇన్ని ఎందుకు పుట్టాయంటే, అది వ్యాపారుల స్పర్ధ. ఆపిల్ వారు 1991లో క్విక్‌టైమ్ తెచ్చారు. మైక్రోసాఫ్ట్ వారు 1992లో ఏవీఐ తెచ్చారు. 1997లో రియల్‌వీడియో వచ్చింది. ఎవరి కట్ట వారిది, ఎవరి తాళం వారిది. మైక్రోసాఫ్ట్ వారు తమ ఎంపెగ్-4 కోడెక్‌ను సొంత ఏఎస్ఎఫ్ కట్టకే పరిమితం చేస్తే, 1990ల చివర జెరోమ్ రోటా అనే ఫ్రెంచి యువకుడు ఆ తాళం ఊడదీసి, ఏవీఐలోనూ పనిచేసేటట్లు చేశాడు. డివ్‌ఎక్స్ పుట్టుక అదే. తరువాత అది కంపెనీ సొత్తుగా మారగా, 2001లో కొందరు విడిపోయి, ఆ పేరునే తిరగేసి ఎక్స్‌విడ్ అని పెట్టుకున్నారు. మన కవులు విలోమకావ్యాలు రాసినవారే కనుక ఈ చమత్కారం మనకు కొత్త కాదు. నా శిష్యుడు వాడింది ఆ పాత డివ్‌ఎక్స్.

ఇక వీసీడీ సంగతి. 1993లో ఏర్పడిన ఈ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు, ఒక్కొక్కటి 352 అడ్డం, 288 నిలువు చుక్కలు. ఆ బొమ్మల రాశిని ఉన్నదున్నట్లు రాస్తే సీడీలో మూడు నిమిషాలైనా పట్టదు. దాదాపు 26వ వంతుకు కుదిస్తే 74 నిమిషాలు పట్టింది. ఈ కుదింపుకు మూలమైన గణితాన్ని 1974లో ప్రకటించినవారు ముగ్గురు: బెంగుళూరులో పుట్టిన నాసిర్ అహమ్మద్, ఆయన శిష్యుడు టి. నటరాజన్, మిత్రుడు కె. ఆర్. రావు. ఈ రావుగారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు అని చదివినప్పుడు నా ఛాతీ కొంచెం పొంగిందని ఒప్పుకుంటున్నాను. పరిశోధనకు సొమ్ము కోరుతూ అహమ్మద్‌గారు 1972లో అమెరికా ప్రభుత్వ సంస్థకు అర్జీ పెడితే అది మంజూరు కాలేదు. ఆలోచన మరీ తేలికగా ఉందని ఒక పరిశీలకుడు అన్నాడట. ఆయనే తరువాత రాసుకున్నారు. బొమ్మను ఎనిమిదేసి చుక్కల చదరపు గళ్ళుగా విడదీసి, కన్ను పట్టని సూక్ష్మభేదాలను వదిలివేయడం అందులోని కిటుకు. సీడీ పాడైనప్పుడు తెరమీద గళ్ళుగళ్ళుగా చెదిరేవి ఈ గళ్ళే.

వీసీడీ చేసిన మరొక పొదుపే నాకు చేటు తెచ్చింది. మామూలు దత్తాంశం రాసే సీడీలో ఒక్కొక్క గదికి 2048 బైట్లు పడతాయి. తక్కిన చోటులో తప్పులు దిద్దే సంకేతాలుంటాయి. వీసీడీ ఆ దిద్దుబాటును వదులుకొని 2324 బైట్లు నింపుతుంది. బొమ్మలో చిన్న మచ్చ ఎవరికి పట్టింది అన్న ధీమా! కాని నకలు తీసే విండోస్‌కు ఆ ధీమా లేదు. ఒక్క గది చదవలేకపోతే మొత్తం పని మానేస్తుంది.

నా రెండు చిక్కులనూ విడదీసింది వీఎల్‌సీ. ఎకోల్ సంత్రాల్ పారిస్ విద్యార్థులు తమ ఆవరణలోని నత్తనడక నెట్‌వర్కును మార్పించుకోవడానికి ఒక సాకు కావలసి, 1996లో ఉపగ్రహ టీవీని దాని ద్వారా గదిగదికీ పంపే పనికి పూనుకున్నారు. ఆ ప్రయత్నంలోంచి పుట్టిందే ఇది. 2001లో కళాశాల అనుమతితో లోకానికంతటికీ ఉచితమైంది. ఇది వ్యాకరణాలన్నీ కంఠస్థం చేసిన పండితుని వంటిది. కోడెక్‌ల కోసం విండోస్‌ను అడగదు, తన కడుపులోనే పెట్టుకొని వస్తుంది. నల్లతెర వెలిగింది. గీతల సీడీని కూడా నకలు తీయకుండా నేరుగా ఆడించాను. చదవలేని గదులను దాటుకుంటూ పోయింది.

దత్తపది దగ్గర మాత్రం గురువుగారి ముఖం గళ్ళుగా చెదిరిపోయి, మాట కూడా తెగింది. ఉత్పలమాల, మూడవ పాదం మొదట రెండక్షరాలు పోయాయి. అయితే పద్యం వీసీడీ కాదు, దిద్దుబాటు సంకేతాలను వదులుకోలేదు. తక్కిన పాదాల ప్రాసను బట్టి రెండవ అక్షరంలోని హల్లు దొరికింది. పదవ అక్షరం చక్కగా వినిపించింది కనుక, యతిని బట్టి మొదటిది ఏ వర్గానిదో తెలిసింది. అది గురువు, రెండవది లఘువు అని గణం చెబుతూనే ఉంది.

అర్థానికి రెండు మాటలు సరిపోతున్నాయి. రెంటినీ పాత నోటుబుక్కులో పెన్సిలుతో, ఒకదాని కింద ఒకటి రాసి ఉంచాను.