ఒకే పేరు, రెండు డబ్బాలు: 'ఎనీ' టైప్ కథ

ఈ ఎపిసోడ్ నా తప్పుతోనే మొదలుపెడతా. నా మొదటి ఉద్యోగంలో ఓ షాపింగ్ యాప్‌కి బిల్లు కలిపే కోడ్ నేనే రాశా, టైప్‌స్క్రిప్ట్‌లో. వస్తువు 500, డెలివరీ 40. స్క్రీన్ మీద ఎంతొచ్చిందో తెలుసా? 50040! సర్వర్ నుంచి ఆ 500 నంబర్‌గా కాకుండా స్ట్రింగ్‌గా వచ్చింది. కలవాల్సినవి పక్కపక్కన అతుక్కుపోయాయి. మరి కంపైలర్ ఎందుకు ఆపలేదు? ఆ డేటాకి నేను 'ఎనీ' అని టైప్ పెట్టా. "నువ్వు చూడక్కర్లేదు, నేను చూసుకుంటా" అని చెప్పినట్టు. నేనేమో చూసుకోలేదు.

నిజానికి ఇది పాత సమస్యే. కొన్ని భాషల్లో ప్రోగ్రాం నడవకముందే ప్రతిదాని టైప్ తేలాలి. కానీ ఫైల్ నుంచో నెట్‌వర్క్ నుంచో వచ్చే డేటా ఏంటో నడిస్తే గానీ తెలీదు. ఎలా?

1970ల్లో అమెరికాలోని ఎంఐటీలో బార్బరా లిస్కోవ్ బృందం 'క్లూ' అనే భాషని తయారుచేసింది. అందులోనూ 'ఎనీ' ఉంది! కాకపోతే అది మూత పెట్టిన డబ్బా. ఏదైనా లోపల పెట్టొచ్చు. బయటికి తీయాలంటే 'ఫోర్స్' వాడి, నాకు ఫలానా టైప్ కావాలని చెప్పాలి. లోపల ఉన్నది అది కాకపోతే అక్కడే ఎక్సెప్షన్. తప్పు బిల్లు ముందుకెళ్లదు.

1989లో అబాడీ, కార్డెల్లి, పియర్స్, ప్లాట్‌కిన్ కలిసి దీని మీద ఓ పేపర్ రాశారు. వాళ్ల 'డైనమిక్' అంటే డేటా, దానికి అంటించిన టైప్ చీటీ, రెండూ జంటగా. వంటింట్లో ఉప్పు, పంచదార డబ్బాల మీద చీటీలుంటాయి చూడండి, అలా. 'టైప్‌కేస్' ఆ చీటీ చదివి ఏ కోడ్ నడవాలో తేలుస్తుంది. బీటెక్‌లో మాకిది ఎవరూ చెప్పలేదు. చెప్పినా నేను వినేవాణ్ణి కాదనుకోండి.

2012 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ టైప్‌స్క్రిప్ట్ తెచ్చింది. అదే 'ఎనీ' పేరు, కానీ ఈ డబ్బాకి మూతే లేదు. అప్పటికి అది సరైన నిర్ణయమే అంటాను. ఉన్న జావాస్క్రిప్ట్ కోడ్‌ని కొంచెం కొంచెంగా మార్చుకోవాలి కదా, మొదటి రోజే వెయ్యి ఎర్రర్లు చూపిస్తే ఎవరు వాడతారు? మూత ఉన్న డబ్బా 2018 జూలైలో, 3.0 వెర్షన్‌లో 'అన్‌నోన్' పేరుతో వచ్చింది. 'టైప్‌ఆఫ్' లాంటి చెక్ పెట్టి, ఇది నంబరే అని తేల్చాకే కూడనిస్తుంది.

ఆ రాత్రి నా ఫైల్‌లో 'ఎనీ' తీసేసి 'అన్‌నోన్' పెట్టా. 17 చోట్ల ఎర్ర గీతలు. వాటిలో 3 నిజమైన బగ్స్. ఒకటైతే ఏకంగా రీఫండ్ లెక్కలో ఉంది.