ఆట వాళ్లది, ఆదాయం ఎవరిది? ఆస్ట్రేలియా నెట్‌బాల్ లీగ్ కథ

2023 ఆగస్టులో కేప్‌టౌన్‌లో నెట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్ జరిగింది. ఆస్ట్రేలియా ఇంగ్లండ్‌ని 61-45 తేడాతో ఓడించి కప్పు ఎత్తింది. సరిగ్గా రెండు నెలలు కూడా తిరక్కుండానే, సెప్టెంబర్ 30తో ఆ క్రీడాకారిణుల ఒప్పందం ముగిసిపోయింది. కొత్త ఒప్పందం కుదరలేదు. ప్రపంచ ఛాంపియన్లతో సహా, దేశంలోని అగ్రశ్రేణి లీగ్‌లో ఆడే 80 మందికి జీతాలు ఆగిపోయాయి.

ఎందుకిలా జరిగింది? ఇవాళ అదే మాట్లాడుకుందాం. దీనికి జవాబు కావాలంటే ఒక నూటముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. మన దగ్గర చాలామంది నెట్‌బాల్ అంటే బాస్కెట్‌బాల్ అనుకుంటారు. చూడ్డానికి అలాగే ఉంటుంది, కానీ ఇక్కడ బంతిని నేలకి కొడుతూ పరిగెత్తకూడదు. బంతి చేతికొస్తే 3 సెకన్లలో ఇంకొకరికి ఇచ్చేయాలి. రింగ్ వెనక బోర్డు ఉండదు. జట్టుకి ఏడుగురు, ఎవరు కోర్టులో ఎంతవరకు తిరగొచ్చో వాళ్ల ఒంటిమీద ఉన్న అక్షరాలు చెబుతాయి. గోల్ కొట్టే హక్కు ఇద్దరికే.

ఈ నియమాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? 1891లో అమెరికాలో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్ కనిపెట్టాడు. కొద్ది ఏళ్లలోనే అది ఇంగ్లండ్‌లో ఆడపిల్లలకి వ్యాయామం నేర్పే కాలేజీకి చేరింది. ఆ కాలేజీ నడిపింది మార్టినా బెర్గ్‌మన్ ఆస్టర్‌బర్గ్ అనే స్వీడన్ మహిళ. పాదాల దాకా గౌన్లు వేసుకునే కాలం అది. ఆడవాళ్లు ఎక్కువగా పరిగెత్తడం, ఒకరినొకరు తోసుకోవడం మర్యాద కాదనుకునే రోజులు. ఆటని దానికి తగ్గట్టు మార్చుకున్నారు. అక్కడ చదివిన టీచర్లు బ్రిటిష్ సామ్రాజ్యమంతా వెళ్లారు, వాళ్లతో పాటే ఆటా వెళ్లింది.

ఆస్ట్రేలియాలో అది బాగా వేళ్లూనుకుంది. 1927లో జాతీయ సంఘం ఏర్పడింది. 1970 దాకా అక్కడ దాన్ని 'మహిళల బాస్కెట్‌బాల్' అనే పిలిచేవారు, తర్వాతే నెట్‌బాల్ అనే పేరు స్థిరపడింది. 1960లో కొలంబోలో అంతర్జాతీయ సమాఖ్య పుట్టింది. 1963లో ఇంగ్లండ్‌లోని ఈస్ట్‌బోర్న్‌లో మొదటి ప్రపంచ టోర్నమెంట్‌కి 11 దేశాలు వచ్చాయి. న్యూజిలాండ్‌ని 37-36తో, అంటే ఒక్క గోల్ తేడాతో ఓడించి ఆస్ట్రేలియా గెలిచింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మిగతా చాలా ఆటల్లో మగవాళ్ల సంఘం ముందు ఉంటుంది, ఆడవాళ్ల విభాగం తర్వాత చేరుతుంది. నెట్‌బాల్‌ని మొదటి నుంచీ ఆడవాళ్లే నడిపారు. కోచ్‌లు, అంపైర్లు, శనివారం పొద్దున్నే గ్రౌండ్ దగ్గర స్కోరు రాసే అమ్మలు, అందరూ వాళ్లే. దాదాపు అంతా జీతం లేని పని. అదే ఈ ఆట బలం. అదే దీని ఇబ్బంది కూడా. ఎందుకంటే ఊరికే దొరికే పనికి విలువ కట్టడం ఎవరికీ అలవాటు ఉండదు.

ఇక లీగ్ దగ్గరికి వద్దాం. 1985లో ఎస్సో సూపర్‌లీగ్ పేరుతో క్లబ్బుల జాతీయ పోటీ మొదలైంది. 1997లో దాని స్థానంలో కామన్వెల్త్ బ్యాంక్ ట్రోఫీ వచ్చింది. ఎనిమిది జట్లు, ఏబీసీ టీవీలో ప్రసారం. సిడ్నీ స్విఫ్ట్స్, మెల్‌బోర్న్ ఫీనిక్స్ లాంటి జట్ల పేర్లు పిల్లలందరికీ తెలుసు. కానీ ఆడేవాళ్లకి ఇంకో ఉద్యోగం ఉండాల్సిందే. ఆస్ట్రేలియా కెప్టెన్ లిజ్ ఎల్లిస్ లాయర్. దేశంలోనే పేరున్న క్రీడాకారిణి పరిస్థితే అది.

2008లో పెద్ద ప్రయోగం చేశారు. ఆస్ట్రేలియా నుంచి 5, న్యూజిలాండ్ నుంచి 5, మొత్తం 10 జట్లతో ఏఎన్‌జెడ్ ఛాంపియన్‌షిప్. రెండు దేశాల మధ్య ఆ పోటీ మన ఇండియా-పాకిస్తాన్ లాంటిదే. 2010 ఢిల్లీ కామన్వెల్త్ గేమ్స్ ఫైనల్ గుర్తుందా? త్యాగరాజ్ స్టేడియంలో రెండుసార్లు అదనపు సమయం ఆడాక న్యూజిలాండ్ 66-64తో ఆస్ట్రేలియాని ఓడించింది. మన గడ్డ మీద జరిగినా మనలో ఎంతమంది చూశాం చెప్పండి!

అయితే లీగ్‌లో మాత్రం బలాలు సరితూగలేదు. తొమ్మిది సీజన్లలో న్యూజిలాండ్ జట్టు గెలిచింది ఒక్కసారే, 2012లో వైకాటో బే ఆఫ్ ప్లెంటీ మ్యాజిక్. 2016తో ఆ లీగ్ ముగిసింది. ఎవరి లీగ్ వాళ్లు పెట్టుకున్నారు.

అలా 2017లో సూపర్ నెట్‌బాల్ పుట్టింది. పాత 5 ఆస్ట్రేలియా జట్లకి 3 కొత్తవి కలిశాయి: సన్‌షైన్ కోస్ట్ లైట్నింగ్, జయంట్స్, కాలింగ్‌వుడ్ మాగ్‌పైస్. ఈ మూడింటి వెనకా మగవాళ్ల ఫుట్‌బాల్, రగ్బీ క్లబ్బులు ఉన్నాయి. నైన్ నెట్‌వర్క్‌తో ఐదేళ్ల ప్రసార ఒప్పందం కుదిరింది. కనీస జీతం రెట్టింపుకి పైగా పెరిగి ఏడాదికి 27,375 ఆస్ట్రేలియా డాలర్లు అయింది. గాయమైనా, గర్భం దాల్చినా ఆదాయానికి రక్షణ పెట్టారు. ఈ పని తక్కువదేం కాదు. తల్లి అయితే ఆట ముగిసినట్టే అనుకునే రోజుల నుంచి ఇక్కడిదాకా వచ్చారు.

ప్రపంచం నలుమూలల నుంచీ ఆటగాళ్లు వచ్చారు. జమైకాకి చెందిన జానియెల్ ఫౌలర్ 2018 నుంచి 2022 దాకా వరసగా ఐదేళ్లు లీగ్ ఉత్తమ క్రీడాకారిణి. దీంతో ఒక తమాషా జరిగింది. ఇక్కడ రాటుదేలిన ఇంగ్లండ్ అమ్మాయిలు 2018లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ ఫైనల్లో ఆస్ట్రేలియానే 52-51తో ఓడించారు. ఆఖరి గోల్ కొట్టిన హెలెన్ హౌస్‌బీ స్విఫ్ట్స్ జట్టు ప్లేయర్. తర్వాతి ఏడాది ప్రపంచకప్ ఫైనల్లో మళ్లీ అదే స్కోరు, ఈసారి గెలిచింది న్యూజిలాండ్. వాళ్ల కోచ్ నోలిన్ టౌరువా, లైట్నింగ్‌కి రెండు టైటిళ్లు అందించిన కోచే!

మరి గొడవ ఎక్కడ మొదలైంది? 2020లో నిర్వాహకులు 'సూపర్ షాట్' అనే నియమం తెచ్చారు. ప్రతి క్వార్టర్‌లో చివరి 5 నిమిషాలు, దూరం నుంచి వేస్తే 2 పాయింట్లు. టీవీకి బాగానే ఉంటుంది. కానీ సీజన్ దగ్గరపడ్డాక, తమని సంప్రదించకుండానే ప్రకటించారని ఆటగాళ్లు బహిరంగంగా నిరసన చెప్పారు. నియమం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఆడేవాళ్లని అడగాలా వద్దా అన్నదే అసలు ప్రశ్న.

2023లో కాలింగ్‌వుడ్ క్లబ్బు తన నెట్‌బాల్ జట్టుని మూసేసింది. వేరే ఆటలో బలం ఉన్న క్లబ్బుకి నెట్‌బాల్ ఒక అదనపు ఖర్చు పద్దు. లెక్క కుదరకపోతే కొట్టేస్తుంది. అదే ఏడాది జీతాల ఒప్పందం ముగిసింది. ఆటగాళ్లు అడిగింది జీతం పెంపు ఒక్కటే కాదు, స్పాన్సర్ల ద్వారా వచ్చే ఆదాయంలో వాటా కావాలన్నారు. సంఘం ఒప్పుకోలేదు, చేతిలో డబ్బు లేదంది. వారాల తరబడి జీతం లేకుండా ఆ 80 మంది ఒక్కమాట మీద నిలబడ్డారు.

వాటా అడగడం గొంతెమ్మ కోరికా? కాదు. ఆస్ట్రేలియా క్రికెటర్లకి అది ఎప్పటి నుంచో ఉంది. 2017లో బోర్డు దాన్ని తీసేయబోతే, సుమారు 230 మంది క్రికెటర్లు కాంట్రాక్టు లేకుండా నెలకి పైగా ఉండి మరీ నిలబెట్టుకున్నారు. అప్పుడు గట్టిగా మాట్లాడినవాళ్లలో ఒకరు, 2016లో మన హైదరాబాద్‌కి ఐపీఎల్ కప్పు తెచ్చిన డేవిడ్ వార్నరే. క్రికెటర్లు ఉన్న వాటాని కాపాడుకున్నారు. నెట్‌బాల్ అమ్మాయిలు లేనిదాన్ని మొదటిసారి అడిగారు.

చివరికి 2023 డిసెంబర్‌లో ఒప్పందం కుదిరింది. జీతాలు కొంత పెరిగాయి, ఆదాయంలో భాగస్వామ్యం అన్న మాట కాగితం మీదికి వచ్చింది. వాళ్లు అడిగినంతా రాలేదు. 2024లో కాలింగ్‌వుడ్ స్థానంలో మెల్‌బోర్న్ మావెరిక్స్ దిగింది, లీగ్ మళ్లీ నడిచింది.

ఆడవాళ్ల ఆటకి డబ్బు రాదు కాబట్టి జీతం ఇవ్వలేం అంటారు. కానీ ఈ ఆట నిలబడిందే వందేళ్లు డబ్బు తీసుకోకుండా పనిచేసినవాళ్ల మీద. ఆ పనిని పద్దుల్లో రాస్తే, ఎవరు ఎవరికి బాకీయో తేలిపోతుంది. మీ అమ్మాయి స్కూల్లో ఏ ఆట ఆడుతున్నా, ఆ గ్రౌండ్‌లో ఊరికే పనిచేస్తున్నవాళ్లు ఎవరో ఒకసారి చూడండి. మీకేమనిపించిందో కామెంట్లలో చెప్పండి.