స్థానచలనం పొందిన క్రీడాజట్ల పేర్లు

ఒక ఊరి నైసర్గిక స్వరూపం నుంచి గానీ, అక్కడి పరిశ్రమ నుంచి గానీ, చరిత్ర నుంచి గానీ పుట్టిన క్రీడాజట్టు పేరు, ఆ జట్టు వేరొక ఊరికి తరలిపోయినప్పుడు దాని వెంటే వెళ్లి, కొత్త చోట అర్థం కోల్పోయి కేవలం గుర్తుగా మిగిలిపోవడం వృత్తి క్రీడల చరిత్రలో పలుమార్లు జరిగింది. ఇటువంటి ఉదాహరణల్లో ఎక్కువ భాగం అమెరికా సంయుక్త రాష్ట్రాలకు, కెనడాకు చెందినవి. అక్కడ జట్టు ఊరి సంఘానిది కాదు. లీగు అనుమతితో ఒక యజమాని చేతిలో ఉండే వ్యాపార హక్కు అది. దీనినే ఫ్రాంచైజీ అంటారు. ఆటగాళ్ల ఒప్పందాలు, రంగులు, చిహ్నం, రికార్డులతో పాటు పేరు కూడా ఆ హక్కులో భాగమే కాబట్టి, లీగులోని తక్కిన యజమానులు సమ్మతిస్తే జట్టును వేరే నగరానికి తీసుకుపోయే యజమాని పేరును కూడా తీసుకుపోగలడు.

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ సమస్య తలెత్తలేదు. అప్పటి బేస్‌బాల్ జట్ల పేర్లు చాలావరకు పత్రికా విలేఖరులు పెట్టినవి, ఏళ్ల తరబడి నిలవనివి. ఆ తరువాత 1903 నుంచి 1953 వరకు యాభై ఏళ్లపాటు అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్‌లో ఒక్క జట్టు కూడా ఊరు మారలేదు.

ఈ నిశ్చలతను భంగపరచినది 1953లో బోస్టన్ నుంచి మిల్వాకీకి తరలిన బ్రేవ్స్ జట్టు. ఆ పేరు బోస్టన్‌లో సైతం స్థానికమైనది కాదు. 1912లో జట్టును కొన్నవారిలో ఒకడైన జేమ్స్ గాఫ్నీ, న్యూయార్క్ నగర రాజకీయాలను శాసించిన టామనీ హాల్ అనే సంస్థకు చెందినవాడు. ఆ సంస్థ ఒక అమెరికన్ ఆదివాసీ నాయకుడి పేరును, బొమ్మను తన గుర్తుగా వాడుకునేది, జట్టు పేరు అక్కడి నుంచే వచ్చింది. న్యూయార్క్ రాజకీయ సంస్థ గుర్తు బోస్టన్‌లో పేరుగా మారి, మిల్వాకీ మీదుగా 1966లో అట్లాంటాకు చేరి నేటికీ కొనసాగుతోంది.

ఈ చరిత్రలో అత్యంత ప్రసిద్ధమైన ఘట్టం బ్రూక్లిన్ డాడ్జర్స్‌ది. 1890లలో బ్రూక్లిన్ వీధుల్లో గుర్రపు ట్రామ్‌ల స్థానంలో విద్యుత్ ట్రామ్‌లు వచ్చాయి. వాటి వేగానికి అలవాటుపడని పాదచారులు తరచు ప్రమాదాలకు గురయ్యేవారు, రోడ్డు దాటడమంటే ట్రామ్‌ల మధ్య నుంచి తప్పించుకుపోవడమే అన్నట్టుండేది. ట్రామ్‌లను తప్పించుకునేవారు అనే అర్థంలో ‘ట్రాలీ డాడ్జర్స్’ అన్న మాట 1895 ప్రాంతంలో బ్రూక్లిన్ జట్టుకు పరిహాసంగా అంటుకుంది. అయితే అది వెంటనే స్థిరపడలేదు. అంతకు ముందు కొందరు ఆటగాళ్లకు ఒకే కాలంలో పెళ్లిళ్లు కావడంతో ‘బ్రైడ్‌గ్రూమ్స్’ అని, తరువాత ‘సూపర్బాస్’ అని, 1914 నుంచి 1931 వరకు మేనేజరుగా ఉన్న విల్బర్ట్ రాబిన్సన్ పేరు మీద ‘రాబిన్స్’ అని ఆ జట్టును పిలిచేవారు. 1930ల ఆరంభంలో గానీ ‘డాడ్జర్స్’ అధికారికంగా ఆటగాళ్ల చొక్కాల మీదికి రాలేదు. 1947లో జాకీ రాబిన్సన్‌ను ఆడించి ఆధునిక అగ్రశ్రేణి బేస్‌బాల్‌లో వర్ణవివక్ష గోడను కూల్చినది ఈ జట్టే. 1955లో అది తొలి ప్రపంచ సిరీస్ గెలిచింది.

జట్టు అధిపతి వాల్టర్ ఓమాలీ 1913 నాటి ఎబెట్స్ ఫీల్డ్ మైదానం చాలదని, బ్రూక్లిన్ నడిబొడ్డున కొత్త క్రీడాంగణానికి స్థలం ఇప్పించమని కోరాడు. నగర నిర్మాణ వ్యవహారాల్లో అపారమైన అధికారం చెలాయించిన రాబర్ట్ మోజెస్ అందుకు ఒప్పుకోక క్వీన్స్ ప్రాంతంలోని ఫ్లషింగ్ మెడోస్‌లో స్థలం చూపాడు. బేరం కుదరలేదు. జెట్ విమానాలు, పశ్చిమ తీరానికి తరలుతున్న జనాభా, టెలివిజన్ ఆదాయం యజమానులను ఆకర్షిస్తున్న కాలమది. 1957 సెప్టెంబర్ 24న ఎబెట్స్ ఫీల్డ్‌లో చివరి ఆట ఆడిన డాడ్జర్స్ 1958లో లాస్ ఏంజిలిస్‌లో ఆట మొదలుపెట్టింది. బ్రూక్లిన్‌లో చివరి ట్రామ్ 1956లోనే ఆగిపోయింది. కనుక ఆ పేరు ఊరు మారక ముందే తన అర్థాన్ని కోల్పోయింది. లాస్ ఏంజిలిస్‌కు కూడా ఒకప్పుడు విస్తారమైన విద్యుత్ రైళ్ల, ట్రామ్‌ల వ్యవస్థ ఉండేది. జట్టు వచ్చిన ఐదేళ్లకు, 1963లో, అదీ పూర్తిగా మూతపడి మోటారు కార్ల నగరంగా లాస్ ఏంజిలిస్ రూపం స్థిరపడింది.

బాస్కెట్‌బాల్‌లో లేకర్స్ కథ ఇంతకన్నా స్పష్టమైనది. 1947లో బెన్ బర్గర్, మారిస్ షాల్ఫెన్ అనే వ్యాపారులు డెట్రాయిట్ జెమ్స్ అనే ఓడిపోతున్న జట్టును 15,000 డాలర్లకు కొని మినియాపోలిస్‌కు తెచ్చారు. మినెసోటా పదివేల సరస్సుల రాష్ట్రంగా పేరు పొందింది. పదెకరాలకు మించినవాటినే లెక్కిస్తే అక్కడి సరస్సులు 11,842. సరస్సులవారు అనే అర్థంలో ‘లేకర్స్’ అన్న పేరు ఆ నేలకు సహజంగా అమరింది. ఆరడుగుల పది అంగుళాల జార్జ్ మైకన్ నాయకత్వంలో ఆ జట్టు 1949, 1950, 1952, 1953, 1954 సంవత్సరాల్లో విజేతగా నిలిచి, వృత్తి బాస్కెట్‌బాల్‌లో తొలి మహాజట్టు అనిపించుకుంది. మైకన్ విరమించాక ప్రేక్షకులు తగ్గారు. 1958లో చేరిన ఎల్జిన్ బేలర్ అద్భుతంగా ఆడినా నష్టాలు ఆగలేదు. యజమాని బాబ్ షార్ట్ 1960లో జట్టును లాస్ ఏంజిలిస్‌కు తరలించాడు. సహజ సరస్సులు అరుదైన, తాగునీటిని వందల మైళ్ల దూరం నుంచి కాలువల ద్వారా తెచ్చుకునే ఆ నగరంలో ‘లేకర్స్’ అన్న పేరుకు ఆధారం లేదు. అయినా ఎవరూ దానిని మార్చలేదు. ఊరు విడిచి తరాలు గడిచినా తెలుగువారు ఆ ఊరి పేరునే ఇంటిపేరుగా మోస్తున్నట్టు, విజయాలు పేరుకునేకొద్దీ ఆ పేరు జట్టు వంశనామంగా మారింది. మ్యాజిక్ జాన్సన్, కోబీ బ్రయంట్‌ల ఆట చూసి పెరిగిన అభిమానులు సరస్సుల గురించి ఆలోచించే అవసరం రాలేదు.

అర్థం పోవడమే కాక పేరు హాస్యాస్పదం కూడా కాగలదని చూపినది యూటా జాజ్. జాజ్ సంగీతానికి పుట్టిల్లయిన న్యూ ఆర్లియన్స్‌లో 1974లో ఏర్పడిన ఈ జట్టు, అక్కడి మార్డీ గ్రా ఉత్సవపు ఊదా, ఆకుపచ్చ, బంగారు వన్నెలను ధరించేది. పీట్ మారవిచ్ వంటి మెరుపు ఆటగాడున్నా ఆర్థికంగా నిలదొక్కుకోలేక 1979లో సాల్ట్ లేక్ సిటీకి వెళ్లిపోయింది. ఆ నగరం మార్మన్ చర్చి కేంద్రస్థానం, నిరాడంబరమైన జీవనానికి పేరుపడింది. అక్కడ జాజ్‌కు సంప్రదాయం లేకపోయినా పేరు అలాగే ఉండిపోయింది. జాన్ స్టాక్టన్, కార్ల్ మలోన్‌లు 1997, 1998లలో జట్టును తుదిపోరుకు చేర్చిన తరువాత దానిని మార్చాలనే ఆలోచనకు తావు లేకపోయింది. న్యూ ఆర్లియన్స్‌కు 2002లో షార్లెట్ నుంచి హార్నెట్స్ వచ్చింది. అదీ అరువు పేరే. అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో షార్లెట్ పట్టణపు ప్రతిఘటనతో విసిగిన బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ దానిని కందిరీగల తుట్టెతో పోల్చాడన్న ప్రతీతి నుంచి అది పుట్టింది. న్యూ ఆర్లియన్స్ జట్టు 2013లో లూసియానా రాష్ట్రపక్షి పేరు మీద ‘పెలికన్స్’ అయింది. షార్లెట్‌లో 2004లో పుట్టిన బాబ్‌కాట్స్ 2014లో ‘హార్నెట్స్’ పేరును తిరిగి పొందింది. 2001లో వాంకూవర్ నుంచి మెంఫిస్‌కు వచ్చిన గ్రిజ్లీస్ మాత్రం, ఆ జాతి ఎలుగుబంట్లు అడవుల్లో తిరగని టెనెసీ రాష్ట్రంలో ఇంకా ఆ పేరుతోనే ఉంది.

స్థానచలనం వల్ల పేరుకు అర్థం పెరిగిన సందర్భాలూ లేకపోలేదు. ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్‌లో పిస్టన్ల కర్మాగారం నడిపిన ఫ్రెడ్ జోల్నర్ తన జట్టుకు ‘పిస్టన్స్’ అని పేరు పెట్టి, 1957లో దానిని మోటారు కార్ల రాజధాని డెట్రాయిట్‌కు తీసుకుపోయాడు. అట్లాస్ రాకెట్లు తయారైన శాన్ డియాగోలో 1967లో ఏర్పడిన రాకెట్స్, 1971లో అంతరిక్ష యాత్రల నియంత్రణ కేంద్రమున్న హ్యూస్టన్‌కు చేరింది. ఐస్ హాకీలో, అంతర్యుద్ధంలో 1864 నాటి అట్లాంటా దహనాన్ని తలపించే ‘ఫ్లేమ్స్’ పేరు 1980లో కెనడాలోని చమురు నగరం కాల్గరీకి వెళ్లి కొత్త అర్థం తెచ్చుకుంది. మినెసోటా నార్త్ స్టార్స్ 1993లో డాలస్‌కు వెళ్తూ ‘నార్త్’ను వదిలేయగా మిగిలిన ‘స్టార్స్’, ఒంటరి నక్షత్రపు రాష్ట్రమైన టెక్సస్‌కు చక్కగా సరిపోయింది.

పేరు యజమానిది కాదు, ఊరిది అన్న వాదన బలపడినది క్లీవ్‌లాండ్‌లో. 1995 నవంబర్‌లో ఆర్ట్ మాడెల్ తన బ్రౌన్స్ ఫుట్‌బాల్ జట్టును బాల్టిమోర్‌కు తరలిస్తున్నట్టు ప్రకటించగానే నగరం న్యాయస్థానానికి వెళ్లింది, అభిమానులు ఆందోళనకు దిగారు. 1996లో కుదిరిన ఒప్పందం ప్రకారం పేరు, రంగులు, రికార్డులు క్లీవ్‌లాండ్‌లోనే ఉండిపోగా, 1999లో కొత్త జట్టు వాటితో మళ్లీ మైదానంలో దిగింది. ‘బ్రౌన్స్’ అన్నది స్థలనామం కాదు, 1946లో తొలి శిక్షకుడైన పాల్ బ్రౌన్ పేరు. నగరం పోరాడినది పేరు అర్థం కోసం కాదు, దాని జ్ఞాపకం కోసం. బాల్టిమోర్, తన కోల్ట్స్ జట్టు 1984 మార్చిలో ఒక రాత్రివేళ లారీలలో ఇండియానాపోలిస్‌కు తరలిపోగా దానిని పోగొట్టుకున్న నగరం. క్లీవ్‌లాండ్ నుంచి వచ్చిన జట్టుకు అది, తన గడ్డ మీద కన్నుమూసిన కవి ఎడ్గర్ అలన్ పో రచనను స్మరిస్తూ ‘రావెన్స్’ అని పేరు పెట్టింది. క్లీవ్‌లాండ్ ఒప్పందం ప్రశంసనీయమైన నమూనా అయింది. 2006లో శాన్ హోసే సాకర్ జట్టు హ్యూస్టన్‌కు తరలినప్పుడు ‘ఎర్త్‌క్వేక్స్’ పేరు, చరిత్ర శాన్ హోసేకే మిగిలాయి. 2008లో సియాటిల్ బాస్కెట్‌బాల్ జట్టు సూపర్‌సోనిక్స్ ఓక్లహోమా సిటీకి వెళ్లి ‘థండర్’గా మారినప్పుడు ఆ పాత పేరును సియాటిల్‌కే వదిలారు. బోయింగ్ సంస్థ తలపెట్టిన సూపర్‌సోనిక్ ప్రయాణ విమానాన్ని తలచి ఆ పేరు పెట్టారు. ఆ పథకం 1971లోనే రద్దయింది.

బ్రిటన్‌లో జట్లు ఊరు మారడం అరుదు. వుల్విచ్‌లోని రాజ ఆయుధాగారపు కార్మికులు 1886లో నెలకొల్పిన జట్టు 1913లో థేమ్స్ నది దాటి ఉత్తర లండన్‌లోని హైబరీకి చేరినా, ‘ఆర్సెనల్’ పేరును, ఫిరంగి చిహ్నాన్ని, ‘గన్నర్స్’ అన్న ముద్దుపేరును విడువలేదు. వుల్విచ్‌లోని ఆయుధ కర్మాగారం 1967లో మూతపడింది. 2003లో వింబుల్డన్ జట్టు మిల్టన్ కీన్స్‌కు తరలి, మరుసటి ఏడు ‘మిల్టన్ కీన్స్ డాన్స్’గా మారి వింబుల్డన్ చివరి అక్షరాల నుంచి వచ్చిన పాత ముద్దుపేరును నిలుపుకుంది. దానికి ముందే, 2002లో, పాత ఊరి అభిమానులు ఏఎఫ్‌సీ వింబుల్డన్ అనే సొంత జట్టును స్థాపించుకున్నారు. ఆస్ట్రేలియాలో సౌత్ మెల్‌బోర్న్ స్వాన్స్ 1982లో సిడ్నీకి వెళ్లింది.

భారతదేశపు లీగులు కొత్తవి కాబట్టి ఇక్కడ పేరుతో అనుబంధం పెరగక ముందే మార్పులు జరిగాయి. 2019లో ఢిల్లీ డైనమోస్ సాకర్ జట్టు భువనేశ్వర్‌కు తరలి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అదే సంవత్సరం పుణె జట్టు స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. కబడ్డీలో తెలుగు టైటాన్స్ ఊరి పేరుకు బదులు భాష పేరు పెట్టుకోవడం వల్ల, రాష్ట్ర విభజన జరిగిన 2014లోనే ఆట మొదలుపెట్టినా, విశాఖపట్నంలో ఆడినా హైదరాబాద్‌లో ఆడినా పేరు చెల్లుబాటవుతోంది.

అమెరికా జట్లలో అత్యధిక దూరం తిరిగినవాటిలో అథ్లెటిక్స్ ఒకటి. 1901లో ఫిలడెల్ఫియాలో మొదలై 1955లో కాన్సస్ సిటీకి, 1968లో ఓక్లాండ్‌కు వెళ్లిన ఈ బేస్‌బాల్ జట్టు, లాస్ వేగాస్‌లో క్రీడాంగణం పూర్తయ్యే వరకు 2025 నుంచి శాక్రమెంటో సమీపంలో తాత్కాలికంగా, ఏ ఊరి పేరునూ ముందు చేర్చుకోకుండా కేవలం ‘అథ్లెటిక్స్’ పేరుతో ఆడుతోంది.